కవరు మీద ఒకటి, లోపల ఒకటి

మీకు వచ్చిన ఈమెయిల్‌లో పంపినవారి పేరు ఉండే చోట ఎవరి పేరైనా ఉండొచ్చు. మీ బ్యాంకు మేనేజరు పేరు ఉండొచ్చు, ఆదాయపు పన్ను శాఖ పేరు ఉండొచ్చు, మీ పేరే ఉండొచ్చు. ఆ పేరు రాసేది పంపేవాడు. రాసింది నిజమేనా అని అడిగే ఏర్పాటు మెయిల్ పుట్టినప్పుడు లేదు, ఆ తర్వాత చాలా ఏళ్లు కూడా లేదు. ఇప్పుడున్నవి పైనుంచి వేసిన అతుకులు. తెలియని లింకు నొక్కొద్దు, నలుగురికి పంపేటప్పుడు బీసీసీ వాడండి, పంపేముందు మళ్లీ చూసుకోండి అని పత్రికలు ఇచ్చే సలహాల్లో సగం ఈ ఒక్క సంగతిలోంచి వచ్చినవే. జాబితాగా చదివితే సాయంత్రానికి మరిచిపోతాం. 'సెండ్' నొక్కాక ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ సలహాలు ఎవరూ చెప్పనక్కర్లేదు.

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో, బీబీఎన్ అనే సంస్థలో పనిచేస్తున్న రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరులో ఉన్న మనిషికి కబురు పంపే ప్రోగ్రాము రాశాడు. ఆ రెండు యంత్రాలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య దారి మాత్రం ఆర్పానెట్ అనే నెట్‌వర్కు గుండా పోయింది. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ నడుమ ఏదో ఒక గుర్తు ఉండాలి కాబట్టి, ఎవరి పేరులోనూ రాని '@' ఎంచుకున్నాడు. ఆ నెట్‌వర్కులో ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాల వాళ్లూ, పరిశోధనశాలల వాళ్లూ. దొంగ పేరుతో ఎవరైనా రాస్తారేమోనన్న ఆలోచన వాళ్లకు రాలేదు. 1978 మేలో డెక్ కంపెనీకి చెందిన గ్యారీ థర్క్ తమ కంప్యూటర్ల ప్రకటన ఒకటి దాదాపు 400 మందికి ఒకేసారి పంపితే నెట్‌వర్కు నడిపేవాళ్లు మండిపడ్డారు. మండిపడటం తప్ప చేయగలిగిందీ లేదు.

మెయిల్‌ని ఒక యంత్రం ఇంకో యంత్రానికి ఎలా అప్పగించాలో 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టాడు. ఆ పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. నలభై ఏళ్లు దాటినా మెయిళ్లు నడుస్తున్నది దాని మీదే. రెండు సర్వర్ల మధ్య జరిగే సంభాషణ మామూలు మాటల్లోనే ఉంటుంది, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా చదవొచ్చు. ముందు మీ సర్వరు అవతలి సర్వరుకు 'హలో' చెబుతుంది. ఆదేశాలన్నీ నాలుగక్షరాల్లోనే ఉండాలని నియమం పెట్టుకున్నారు కనుక ఇంగ్లీషు హలోలో ఒక 'ఎల్' ఎగిరిపోయింది. అవతలి సర్వరు '250' అంటుంది. సరే అని దానర్థం. 'ఈ మెయిల్ ఫలానావారి నుంచి' అంటుంది ఇది. '250.' 'ఫలానావారికి ఇవ్వాలి.' '250.' ఇంకొకరికి కూడా ఇవ్వాలంటే ఆ ముక్క మళ్లీ చెబుతుంది. పదిమందికైతే పదిసార్లు. ఆ తర్వాత 'డేటా' అంటుంది. '354' అంటుంది అవతలిది, కానివ్వు అన్నట్టు. అప్పుడు అసలు ఉత్తరం మొదలవుతుంది. అయిపోయిందని తెలియడానికి చివర ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క. ఆ చుక్క అందాక అవతలి సర్వరు మరోసారి '250' అందంటే ఉత్తరం దాని చేతికి వెళ్లిపోయినట్టే.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎవరి నుంచి, ఎవరికి అనే మాటలు రెండు చోట్ల వస్తాయి. సర్వర్లు ముందుగా చెప్పుకున్నవి ఒక జత. 'డేటా' తర్వాత వచ్చే ఉత్తరం నెత్తిన ఫ్రమ్, టూ, సబ్జెక్ట్ అని రాసి ఉండేవి ఇంకో జత. మొదటిదాన్ని ఇంజనీర్లు కవరు అనే అంటారు. చేరవేయడానికి సర్వరు చూసేది కవరునే. మీ తెరమీద కనిపించేది లోపలి కాగితం. ఈ రెంటి మీదా ఒకే పేర్లు ఉండి తీరాలని 1982 నాటి నియమాల్లో ఎక్కడా లేదు.

దొంగ మెయిల్ పుట్టేది ఈ సందులోనే. కవరు మీద తన సర్వరు పేరు, లోపల మీ బ్యాంకు పేరు. ఈ సందు మూయడానికి మూడు అతుకులు వేశారు. ఎస్‌పీఎఫ్ అంటే, మా పేరు మీద మెయిల్ పంపే యంత్రాలు ఇవీ అని ప్రతి సంస్థా బహిరంగంగా ప్రకటించే పట్టిక. డీకిమ్ అంటే ఉత్తరానికి వేసే గణితపు ముద్ర. దారిలో ఒక్క అక్షరం మారినా ముద్ర సరిపోదు. ఈ రెంటిలో ఏ ఒక్కటీ లోపలి ఫ్రమ్ పేరుతో కలవకపోతే ఉత్తరాన్ని ఏం చేయాలో ఆ సంస్థే చెప్పుకునే ఏర్పాటు డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ ఉండాల్సిందేనని పట్టుబట్టాయి. కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' అంటే ఈ మూడు పరీక్షల ఫలితం పైనే కనిపిస్తుంది. డబ్బు గురించిన ఉత్తరమైతే ఆ మాత్రం శ్రమ పడొచ్చు.

అయితే 'పాస్' అని ఉందని పొంగిపోకూడదు. ఉత్తరం ఏ డొమైన్ పేరుతో వచ్చిందో నిజంగా అక్కణ్నుంచే వచ్చిందని మాత్రమే దానర్థం. దొంగ తన సొంత డబ్బుతో ఒక డొమైన్ కొనుక్కుని, మూడు ఏర్పాట్లూ పద్ధతిగా చేసుకుంటే అతనికీ 'పాస్' వస్తుంది. పైగా ఫోన్లో మెయిల్ అడ్రసు కనిపించదు, పేరు మాత్రమే కనిపిస్తుంది. పేరు ఎవరిష్టం వాళ్లది. పేరు మీద వేలు పెట్టి నొక్కితే అసలు అడ్రసు బయటపడుతుంది. నా లెక్కలో ఫోన్లో మెయిల్ చూసేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు ఇది.

బీసీసీ కూడా ఈ కవరు కథే. ఉత్తరం లోపల టూ, సీసీ పేర్లు రాసి ఉంటాయి. బీసీసీ పేర్లు కవరు మీద మాత్రమే ఉంటాయి, కాగితం మీదికి ఎక్కవు. అంతే తేడా. సాంకేతికంగా చూస్తే ఇంతకన్నా చిన్న తేడా ఉండదు. దాని ఖరీదు మాత్రం ఒక్కోసారి ప్రాణాల దాకా పోతుంది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి చిక్కింది. బ్రిటిష్ సైన్యానికి సాయం చేసిన అఫ్గాన్లను బయటికి తెచ్చే పని అప్పటికి పూర్తి కాలేదు. సెప్టెంబరు 20న బ్రిటన్ రక్షణ శాఖ అలాంటివాళ్లకు ఒక మెయిల్ పంపుతూ అందరి అడ్రసులనూ 'టూ'లో పెట్టేసింది. 245 మంది అడ్రసులు ఒకరివి ఒకరికి కనిపించాయి; వాళ్లలో 55 మందివి ఫొటోలతో సహా. ఇద్దరు 'రిప్లై ఆల్' నొక్కారు, అందులో ఒకరు తామెక్కడ ఉన్నదీ అందరికీ చెప్పేశారు. ఆ జాబితా తాలిబాన్‌కు దొరికితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో అక్కడి సమాచార కమిషనరు ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా వేశాడు.

మన అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శికీ, పూర్వ విద్యార్థుల సంఘం కోశాధికారికీ ప్రాణభయం లేకపోవచ్చు. అయినా మూడొందల మంది అడ్రసులు అందరికీ పంచిపెట్టాలా? 'టూ'లో మీ అడ్రసే పెట్టుకుని మిగతా అందరినీ బీసీసీలో వేస్తే సరిపోతుంది. ఒక మెలిక ఉంది. బీసీసీలో ఉన్నవాళ్లకు మీ ఉత్తరంలో తమ పేరు ఉండదు. వాళ్లు 'రిప్లై ఆల్' నొక్కారంటే తాము చాటుగా చదువుతున్నామని తామే చాటుకున్నట్టు. ఆఫీసు తగాదాలో పై అధికారిని బీసీసీలో పెట్టే తెలివైనవాళ్లకు ఇది తెలిసి ఉండటం మంచిది. ఆ అధికారికి నేరుగా ఫార్వర్డ్ చేస్తే ఈ గొడవ ఉండదు.

పంపిన ఉత్తరం వెనక్కి వస్తుందా? చివరి చుక్కకు '250' వచ్చాక రాదు. జీమెయిల్‌లో 'అన్‌డూ' అని కనిపించేది వెనక్కి తెచ్చేది కాదు, కాసేపు పంపకుండా పట్టుకునేది. మామూలుగా ఆ కాసేపు 5 సెకన్లు. సెట్టింగుల్లోకి వెళ్లి 30కి పెంచుకోవచ్చు, అంతకు మించి కుదరదు. తప్పు అనేది సెండ్ నొక్కిన మరుక్షణంలోనే తట్టే జాతి కాబట్టి 30 సెకన్లు చాలా పెద్ద వరం. అవుట్‌లుక్‌లో ఉండే 'రీకాల్' ఒకే సంస్థ లోపల, ఒకే రకం సర్వరు మీద ఉన్నవాళ్ల మధ్య పనిచేయొచ్చు. బయటివాళ్లకు వెళ్లిన ఉత్తరాన్ని రీకాల్ చేస్తే, మీరు రీకాల్ చేయబోయారన్న కబురు కూడా వాళ్లకు అందొచ్చు, అందితే వాళ్లు దాన్ని ఇంకా శ్రద్ధగా చదువుతారు. నమ్మదగ్గ ఉపాయం ఒకటే: ఉత్తరం మొత్తం రాసి, అటాచ్‌మెంటు తగిలించి, ఆఖర్న 'టూ' నింపడం. అడ్రసు లేని ఉత్తరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పంపలేదు. పైగా తెలుగువాడి అడ్రసు పుస్తకంలో కనీసం నలుగురు శ్రీనివాసులు ఉంటారు. మొదటి మూడక్షరాలు కొట్టగానే మెయిల్ ముందుకు తోసే శ్రీనివాస్ మీరనుకున్న శ్రీనివాస్ అయి ఉండాలన్న పూచీ లేదు.

అటాచ్‌మెంట్ల సంగతికి వస్తే, మొదట్లో ఎస్‌ఎంటీపీకి తెలిసింది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. బొమ్మలు, పాటలు, తెలుగు, ఏవీ తెలిసేవి కావు. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే ఏర్పాటు చేశారు. ఏ ఫైలునైనా సరే ఇంగ్లీషు అక్షరాల వేషం వేసి ఉత్తరంలో కలిపేయడం దాని పని. ఆ ఏడాది మార్చిలో బోరెన్‌స్టైన్ తను పాడే నలుగురు గాయకుల బృందం ఫొటోను అలా పంపాడు. వేషం వేసే పద్ధతి పేరు బేస్-64: పెద్దబడి అక్షరాలు 26, చిన్నబడివి 26, అంకెలు 10, మరో రెండు గుర్తులు కలిపి 64. ఫైల్లోని ప్రతి 3 బైట్లూ ఈ లిపిలో 4 అక్షరాలవుతాయి. అంటే ఏ అటాచ్‌మెంటైనా దారిలో మూడో వంతు ఉబ్బుతుంది. మీ దగ్గర 20 ఎంబీ ఉన్న ఫైలు ప్రయాణంలో 27 ఎంబీ దాకా ఉంటుంది. హద్దు 25 అని రాసి ఉన్నా 20 ఎంబీ ఫైలు తిరిగొచ్చిందంటే, అవతలి సర్వరు ఉబ్బిన లెక్క చూసుకుందన్నమాట.

దాన్ని జిప్ చేస్తే తగ్గుతుందనుకుంటారు చాలామంది. వర్డ్ ఫైళ్లకూ జేపెగ్ ఫొటోలకూ జిప్ దాదాపు దండగ. అవి లోపల ముందే కుదించి ఉంటాయి. ఫొటో తగ్గాలంటే కొలతలు తగ్గించాలి. పొడవూ వెడల్పూ రెండూ సగం చేస్తే చుక్కలు నాలుగో వంతుకు వస్తాయి. ఒక ఏ-4 కాగితం అంగుళానికి 200 చుక్కల చొప్పున శుభ్రంగా చదవడానికి 39 లక్షల చుక్కలు చాలు. 12 మెగాపిక్సెల్ ఫోను అదే కాగితానికి కోటీ ఇరవై లక్షల చుక్కలు తీస్తుంది. పరీక్ష దరఖాస్తుల్లో '50 కేబీ లోపు ఫొటో' అని అడిగినప్పుడు జనం నెట్ సెంటరుకు పరుగెత్తేది ఈ ఒక్క లెక్క తెలియకే. కొన్ని ఫోన్లలోని ఫొటో ఎడిటరులోనే 'రీసైజ్' ఉంటుంది. నాణ్యత తగ్గించే మీట కన్నా కొలత తగ్గించే మీట ముందు నొక్కండి, మొహం మసకబారదు.

ఈ ఫైళ్లన్నీ పేరుకుని జీమెయిల్ నిండిపోయిందని గోల పెట్టేవాళ్లు ఎక్కువే. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కొక్కదానికే కాదు, డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపి. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక్కో మెయిలూ ఏరి తీసేయడం వెర్రి పని. వెతుకు పెట్టెలో ఇంగ్లీషులో 'లార్జర్' అని కొట్టి, పక్కన కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా '10ఎం' అంటే 10 ఎంబీ దాటినవన్నీ వరసగా వస్తాయి. ఓ ఇరవై తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేస్తే వేల ఉత్తరాలు తీసేసినంత చోటు దొరుకుతుంది.

మెయిల్లో కనిపించే బొమ్మలన్నీ మెయిల్లో ఉండవు. ప్రకటనల ఉత్తరాల్లో బొమ్మ బదులు బొమ్మ ఉన్న చోటు చిరునామా ఉంటుంది. మీరు ఉత్తరం తెరవగానే అది అక్కణ్నుంచి వస్తుంది. ఒక్క చుక్కంత కంటికి కనబడని బొమ్మ పెట్టి, దాన్ని ఎవరు ఎప్పుడు తెప్పించుకున్నారో చూస్తే మీరు ఉత్తరం చదివిన వేళ వాళ్లకు తెలిసిపోతుంది. 2013 చివరి నుంచి జీమెయిల్ ఈ బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెప్పిస్తోంది కనుక మీరున్న చోటు వాళ్లకు తెలియదు, తెరిచిన సంగతి మాత్రం తెలుస్తుంది. అది కూడా వద్దనుకుంటే సెట్టింగుల్లో బొమ్మలు అడిగి చూపించమని పెట్టుకోవచ్చు.

ఇక తెలుగు. మెయిల్లోనో ఎక్సెల్లోనో తెలుగు ఉండాల్సిన చోట పిచ్చిగీతలు కనిపించినప్పుడు, ఆ పిచ్చికి రకాలున్నాయి. రకం గుర్తుపడితే మందు దొరుకుతుంది. యూనికోడ్ తెలుగుకు 128 గడులు ఇచ్చింది. ఇప్పుడు అంతటా నడిచే యూటీఎఫ్-8 పద్ధతిలో వాటిలో ప్రతి ఒక్కటీ 3 బైట్లు. 'తెలుగు' అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు. అంటే 18 బైట్లు. విచిత్రం ఏమిటంటే మన అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒక్కటే. రెండో బైటు కూడా రెంటిలో ఏదో ఒకటి. ఈ బైట్లను పడమటి యూరపు భాషల పట్టిక పెట్టి చదివే సాఫ్ట్‌వేరుకు మొదటి బైటు నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు 'ఏ'లా కనిపిస్తుంది. రెండోది ఎండ వేడి రాసేటప్పుడు పెట్టే డిగ్రీ సున్నాలాగానో, కూడిక కింద తీసివేత గీత ఉన్న గుర్తులాగానో కనిపిస్తుంది. ఈ మూడూ పేజీ నిండా మాటిమాటికీ వస్తుంటే సంతోషించండి. మీ తెలుగు చెక్కుచెదరలేదు, చదివే పట్టిక తప్పింది, అంతే. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి ఎక్సెల్లో తెరిస్తే తరచూ ఇలా అవుతుంది. ఎక్సెల్ ముందు తెరిచి, 'డేటా' మెనూలోంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ తెమ్మని, 'ఫైల్ ఆరిజిన్' దగ్గర '65001' అన్న యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లన్నీ తెలుగులో వరసగా నిలబడతాయి.

అన్నీ ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి. దారిలో ఏదో సాఫ్ట్‌వేరు అక్షరాలు పారేసి వాటి చోట ప్రశ్నార్థకాలు పెట్టింది, మళ్లీ పంపమనడమే. ఖాళీ గళ్లు వస్తుంటే అక్షరాలున్నాయి, ఫాంటు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అర్థం లేకుండా కలిసిపోయి ఉంటే అది డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటరు కావచ్చు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టాయి. ఫాంటు తీసేస్తే కింది ఇంగ్లీషు బయటపడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి, ఒత్తుల దగ్గర ఒకసారి కన్నేసి ఉంచాలి. పెళ్లి శుభలేఖ మ్యాటరు మెయిల్ చేయమంటే డీటీపీ అబ్బాయి పీడీఎఫ్ పంపడం అందుకే తెలివైన పని.

ఇన్ని తిప్పలు లేని రోజుల్లో తెలుగువాళ్లు అసలు తెలుగు లిపే వాడకుండా మెయిళ్లలో తెలుగు నడిపారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక కట్టుదిట్టమైన పద్ధతి తయారుచేశారు. అదే ఆర్‌టీఎస్. దీర్ఘాలకు పెద్దబడి అక్షరాలు వాడే ఆ అలవాటు చేతివేళ్లలో ఇంకిపోయి, లిపి వచ్చాక కూడా ఆ కీబోర్డే కావాలనేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

లింకు చదవడం రాకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. 2016 మార్చి 19న, అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచార అధ్యక్షుడు జాన్ పొడెస్టాకు గూగుల్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసింది, ఉక్రెయిన్ నుంచి ఎవరో ప్రయత్నించారు, వెంటనే మార్చుకోండి అని ఒక నీలం బటన్. ఆఫీసువాళ్లు అనుమానపడి సాంకేతిక సహాయకుడికి పంపారు. అతను 'ఇది అసలైన మెయిలే' అని జవాబిచ్చాడు; అసలైనది కాదు అని రాయబోయి పొరపాటు పడ్డానని తర్వాత చెప్పుకున్నాడు. నన్నడిగితే ఆ ఒక్క మాట కన్నా ఆశ్చర్యం ఇంకోటుంది. అతను తన జవాబులో గూగుల్ అసలు పేజీ చిరునామా కూడా ఇచ్చాడు, రెండంచెల తనిఖీ పెట్టుకోమనీ చెప్పాడు. ఆ చిరునామాకు వెళ్లి పాస్‌వర్డ్ మార్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఎవరో వచ్చిన మెయిల్లోని బటనే నొక్కారు. అక్టోబరులో ఆయన ఉత్తరాలు వేలకువేలు వికీలీక్స్‌లో బయటపడ్డాయి.

ఆ బటన్ చివరికి తీసుకెళ్లిన చిరునామా ఇలా మొదలైంది: మైఅకౌంట్, చుక్క, గూగుల్, చుక్క, కామ్, అడ్డగీత, సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్, చుక్క, టీకే. ఎడమ నుంచి చదివే కంటికి గూగుల్ డాట్ కామ్ కనిపిస్తుంది. చదవాల్సింది కుడి నుంచి. హెచ్‌టీటీపీఎస్ తర్వాతి జంట గీతలు దాటి, మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి రావాలి. టీకే అంటే పసిఫిక్‌లోని టోకెలావ్ దీవుల పేరు. ఒకప్పుడు అక్కడ పేర్లు ఉచితంగా దొరికేవి. దాని వెనక, ముందున్న చుక్క దాకా వస్తే దొరికేది 'కామ్-సెక్యూరిటీసెట్టింగ్‌పేజ్'. అడ్డగీత చుక్క కాదు. యజమాని పేరు అదన్నమాట. దానికి ఎడమవైపు ఉన్న 'గూగుల్' ఆ యజమాని తన ఇష్టం కొద్దీ రాసుకున్న అలంకారం. ఎడమవైపు ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. కంప్యూటరులో లింకు మీద మౌసు నిలిపితే అసలు చిరునామా అడుగున ఎడమ మూల కనిపిస్తుంది. ఫోన్లో నొక్కి పట్టుకుంటే బయటికొస్తుంది.

తాళం బొమ్మ ఉంది కదా, భద్రమే కదా అంటారు. తాళం చెప్పేది మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని. ఆ సైటు దొంగదైతే మీరు దొంగతో ఏకాంతంగా మాట్లాడుతున్నట్టు. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మే తీసేసింది.

బ్యాంకుల విషయంలో మాత్రం ఒక మంచి మార్పు వచ్చింది. 2025లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులన్నీ తమ డొమైన్‌ను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి మార్చాలంది. గడువు అక్టోబరు 31. ఆ పేర్లు ఎవరికి పడితే వాళ్లకు అమ్మరు. ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది, అది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. కాబట్టి చిరునామాను కుడి నుంచి చదువుతూ ఇన్, బ్యాంక్, ఆపైన మీ బ్యాంకు పేరు వస్తే అది బ్యాంకే. 'బ్యాంక్' పక్కన చుక్క బదులు అడ్డగీత ఉంటే కాదు. ఇంత చేసినా డబ్బు పోతే, గంటలు లెక్కపెట్టుకోకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

పాస్‌వర్డుల గురించి ఎక్కువ చెప్పను. పెద్దబడి ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి, మూణ్నెల్లకోసారి మార్పు అన్న తంతుకు మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ కోసం బిల్ బర్ రాసిన పత్రం. 2017లో ఆ సంస్థే ఆ నియమాలు ఎత్తేసింది. బర్ కూడా పశ్చాత్తాపపడ్డాడు. కీబోర్డు మీది 95 గుర్తులూ వాడి కలగాపులగంగా చేసిన 8 అక్షరాల పాస్‌వర్డు కన్నా, ఉత్త చిన్నబడిలో కలగాపులగంగా చేసిన 16 అక్షరాలది అరవై లక్షల రెట్లకు పైగా కష్టం. పొడవే బలం. ఒక చోట వాడింది ఇంకో చోట వాడకపోవడం అంతకన్నా బలం. గుర్తుండవు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజరుకు వదిలేయండి. దానికి ఇంకో సుగుణం ఉంది: చిరునామాను అది మనకన్నా శ్రద్ధగా చదువుతుంది. గూగుల్ పాస్‌వర్డును గూగుల్ కాని పేజీలో నింపదు. నింపాల్సిన చోట నింపకుండా మొండికేసిందంటే ముందు చిరునామా చూడండి. పాస్‌వర్డు బదులు వాడే పాస్‌కీలు పనిచేసేదీ ఈ సూత్రం మీదే. అక్కడ మనం చేత్తో కొట్టి ఇచ్చేయడానికి కూడా ఏమీ ఉండదు.

రెండంచెల తనిఖీకి వాడే ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెలు ఎక్కణ్నుంచీ రావు. మొదట్లో క్యూఆర్ కోడ్ చూపించినప్పుడే ఒక రహస్య సంఖ్య మీ ఫోనుకు చేరింది. ఇప్పుడు ఫోనూ సర్వరూ ఎవరికి వాళ్లు ఆ సంఖ్యనూ గడియారాన్నీ కలిపి లెక్కగడతారు. ఒకటే లెక్క కనుక ఒకటే జవాబు. సిగ్నల్ లేకపోయినా, విమానంలో ఉన్నా పనిచేస్తుంది. కోడ్ తప్పంటోందంటే ఫోను గడియారం తప్పిందేమో చూడాలి.

ఎస్‌ఎంఎస్ ఓటీపీకి ఈ వెసులుబాటు లేదు, నంబరు మీ చేతిలో ఉండాలి. పిల్లలు ఎంఎస్‌కు అమెరికా వెళతారు, ఇక్కడి సిమ్‌కు రీచార్జి ఆపేస్తారు. నంబరు రద్దయి కనీసం 90 రోజులు గడిచాక కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పిన లెక్క ఇదే. డల్లాస్‌లో కొత్త ల్యాప్‌టాప్‌లో జీమెయిల్ తెరవబోతే ఓటీపీ వెళ్లేది వరంగల్లులో ఎవరో తెలియని మనిషికి. అమ్మానాన్నల అకౌంట్లకు పిల్లల పాత నంబర్లు రికవరీ నంబర్లుగా ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. విమానం ఎక్కకముందే చేయాల్సిన పని: అకౌంటు సెక్యూరిటీ పేజీకి వెళ్లి, పాత నంబరు తీసేసి బతికున్న నంబరు పెట్టడం, ఆథెంటికేటర్ కలపడం, ఆపైన 'బ్యాకప్ కోడ్స్' తీసుకోవడం. గూగుల్ ఒకేసారి పది ఇస్తుంది, ఎనిమిదేసి అంకెలవి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే ఫోను పోయిన రోజున అవీ పోతాయి. కాగితం మీద ముద్రించి ఒకటి పాస్‌పోర్టు కాగితాల దగ్గర, ఒకటి ఇంట్లో బీరువాలో పెట్టాలి. పది అయిపోయేలోగా మళ్లీ పది తీసుకోవచ్చు; కొత్తవి తీయగానే పాతవి చెల్లవు కాబట్టి బీరువాలోని పాత కాగితం చించి కొత్తది పెట్టమని ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి.